సిల్వర్ ప్లేట్లు

సాతంరాయి,
12 ఆగస్టు 2011

అక్కా,

ఫోన్ల చెప్తే నవ్వుతవని కాగితం మీద రాస్తున్న. సబ్బు ఎట్ల చెయ్యాలెనో నువ్వు రాసిచ్చిన చీటీ నా ముందటనే ఉన్నది. "అచ్చు అల్యూమినియంది వద్దు" అని రాసినవ్. అది చదివినంకనే అత్తమ్మ ఇడ్లీ ప్లేట్లల్ల పోసిన. అవి సిల్వర్‌వి గద అనుకున్న.

మనింట్ల ఎవరన్న అల్యూమినియం అన్నరా? అమ్మ అన్నం వండే గంజును సుత సిల్వర్ గంజనే అంటుండె. రెండూ ఒకటేనని అత్తాపూర్ పోయినంక నీకు తెలిసింది, నాకు తెల్వదు. పక్కన "అంటే సిల్వర్" అని రాస్తే నీ పెన్ను అరిగిపోతుండెనా?

కాస్టిక్ సోడా కలిపిన నూనె పొయ్యంగనే బుస్సుమని పొంగింది. ప్లేట్లు నల్లగై గుంటలు పడ్డయి. అవి అత్తమ్మ టిఫిన్ బండివి అక్కా. ఎయిర్‌పోర్టుకు పోయే టాక్సీ డ్రైవర్లు ఆమె ఇడ్లీ కోసమే ఆగుతరు. ఇయ్యాల ఉప్మా తిని పోయిండ్రు.

తిట్టినా మంచిగుంటుండె. అత్తమ్మ తిట్టలే. ఆ ప్లేట్లను చింతపండుతోని తోమి, తుడిచి, నా చేతిల పెట్టింది. "ఇడ్లీలకు ఇగ పనికిరావు బిడ్డా. నీ సబ్బులకే ఉంచుకో, అచ్చులు కొనే పని తప్పుతది" అన్నది.

నువ్వు ఇస్తనన్న రబ్బరు అచ్చులు ఇప్పుడే పంపకు. ముందుగాల నువ్వే వచ్చి, గా ప్లేట్లు సబ్బులకు సుత పనికిరావని ఆమెకు చెప్పు. నాతోని అయితలేదు.

చెప్పేటప్పుడు సిల్వర్ అను. అల్యూమినియం అనకు.

నీ చెల్లె