నీళ్లు పడని రాయి

శ్రీవారికి,

మీ ఇంటిది నమస్కరించి రాసే సంగతులు. భగవంతుడి చల్లని చూపు వల్ల ఇక్కడ నేనూ, అత్తయ్యా బాగానే ఉన్నాం. అక్కడ మీరూ బాగున్నారని, మీ నడుం నొప్పి ముదరలేదని నమ్ముతున్నాను.

మీ ఉత్తరం అందింది. అత్తయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. "వాడి మాటకన్నా వాడి రాతే నయం, అరవదు" అన్నారు. నిజమే కదండీ. ఆ డ్రిల్లు మిషన్ పక్కన నిలబడీ నిలబడీ మీకు చెవులు మందగించాయి. నా గొంతేమో పక్కింటి పిల్లికి కూడా వినబడదు. ఫోనులో మనం మాట్లాడుకుంటే మీరు "ఆఁ? ఏంటీ?" అనడంతోనే పొద్దు గడిచిపోతుంది. అందుకే ఉత్తరమే మేలు. ఈసారి మరీనూ.

మీరడిగిన వాటికి ముందు జవాబులు రాస్తాను. అత్తయ్య మోకాలికి డాక్టరు కొత్త నూనె ఇచ్చారు. నూనె వల్ల తగ్గిందో, నేను రోజూ పట్టించుకుంటున్నందుకు తగ్గిందో తెలీదు గానీ, గోడ పట్టుకోకుండా గుమ్మం దాకా వెళ్తున్నారు. వంటగది కుళాయి కారుతూనే ఉంది. ప్లంబరు వచ్చి చూసి, తల ఊపి, టీ తాగి వెళ్లాడు. మీరు పంపిన ఉన్ని శాలువా అత్తయ్యకు నచ్చింది. నచ్చలేదని అందరికీ చెబుతూ రోజూ అదే కప్పుకుంటున్నారు.

ఇక అసలు ప్రశ్న. మీరు రిటైరై వచ్చేసరికి మరిదిగారి ఇంటి మేడమీద వాటా ఖాళీ అవుతుందనీ, ముగ్గురం అక్కడికి వెళ్లిపోదామనీ, పని మానేస్తున్నట్టు నేను కంపెనీలో చెప్పానా లేదా అనీ అడిగారు. దానికి జవాబు చివర రాస్తాను. మీరు చివరి కాగితం ముందే తీసి చూసే మనిషి. ఈ ఒక్కసారికి వరసగా చదవండి.

రెండు కంపెనీలు కలిసి వెతుకుతున్న ఆ ఎరువు రాయి ఎలా ఉంటుందని కూడా అడిగారు. గులాబీ రంగులో ఉంటుందండీ, మధ్యమధ్య తెల్లటి చారలతో. పట్టుకుంటే చల్లగా, కాస్త జిగటగా ఉంటుంది. పొలాలకు వేసే పొటాష్ దాన్నుంచే వస్తుందట. మన కంపెనీకి ఇక్కడి నేల తెలుసు, ఎరువుల సంగతి తెలీదు. వచ్చిన కంపెనీకి ఎరువుల సంగతి తెలుసు, ఇక్కడి నేల తెలీదు. అందుకని ఖర్చు చెరిసగం పెట్టుకుని ఉమ్మడిగా బోర్లు వేస్తున్నారు. దొరికితే ఇద్దరిదీ, దొరక్కపోతే ఇద్దరికీ మట్టే.

అయితే పెళ్లి కుదిరినంత తేలిగ్గా కాపురం కుదరలేదు. మనవాళ్లవి పసుపు టోపీలు, వాళ్లవి నీలం టోపీలు. టీ వేళకు పసుపు వాళ్లది ఒక బల్ల, నీలం వాళ్లది ఇంకో బల్ల. బోరులోంచి వచ్చిన రాతి కడ్డీలను పెట్టెల్లో పేర్చి, శుభ్రం చేసి, సంఖ్యలు వేసే మా షెడ్డులో కూడా ఇద్దరు ఇన్‌ఛార్జులు. మనవైపు మేస్త్రీ, మీకు తెలిసినవాడే, గుసగుసలాడినా గేటు దాకా వినిపిస్తుంది. అటువైపు ఒక కళ్లజోడు ఆయన, మాట తక్కువ, మూతి విరుపు ఎక్కువ. ఈ ముచ్చట చెబితే అత్తయ్య, "ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు పెట్టారన్నమాట. ఇహ పొగకేం తక్కువ" అన్నారు.

వాళ్లతో వచ్చిన రాళ్ల చదువులమ్మాయి ఒకతె ఉంది. అందరూ ఆమెను రుచి మేడం అంటారు. రాయి చేతికొస్తే చాలు, నాలుక ఆనిస్తుంది. మామూలు ఉప్పయితే ఉప్పగా ఉంటుందట, పొటాష్ అయితే చేదుగా కొరుకుతుందట. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మా బోర్లలో ఇంకా గులాబీ రాయి తగలకముందే, ఒకరోజు తనతో తెచ్చుకున్న నమూనా ముక్క ఒకటి నాకూ ఇచ్చి, "మీరూ చూడండక్కా" అంది. ఆ రోజు నా ఉపవాసం, ఉప్పు ముట్టని రోజు.

"ఇవాళ దేవుడికి మాటిచ్చానమ్మా, ఉప్పు తాకనని."

"ఇది ఉప్పు కాదక్కా, పొటాష్."

"ఉప్పో కాదో తేల్చడానికేగా నాకమంటున్నావు?"

ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పట్నుంచి నీలం బల్ల దగ్గర నాకూ ఓ కుర్చీ వేస్తోంది. ఎప్పుడో ఇక్కడొక సముద్రం ఉండేదనీ, అది ఎండిపోయి మట్టి కింద ఉండిపోయిందనీ చెప్పింది. దేవుడు ఒక సముద్రాన్నే ఎండబెట్టి, ముందు ముందు మన పంటలకు కావాలని దాచిపెట్టాడన్నమాట అని నేనంటే, "దాచిన చోటు మాత్రం మాకు చెప్పలేదక్కా" అంది. తెల్లవారి ప్రార్థనలో ఆ మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. తప్పేమో అనుకున్నాను గానీ, ఆయనా నవ్వే ఉంటాడు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. గులాబీ రాయి తగిలిన మొదటి పెట్టెలు షెడ్డుకు వచ్చిన రోజు అది. పెట్టెల మీద ముందు ఏ కంపెనీ పేరు రాయాలన్న తగాదాతో మేస్త్రీ, కళ్లజోడాయనా ఆఫీసుకు వెళ్లారు. ఇంతకాలం నేను చేసిన పని ఏమిటి? రాయి రాగానే నీళ్లు పట్టి, బ్రష్షుతో రుద్ది, తళతళలాడించడం. అదే చేశాను. పైగా ఇది మొదటి పెట్టె కదా అని ఇంకాస్త శ్రద్ధగా, లోలోపల స్తోత్రం చదువుకుంటూ మరీ రుద్దాను. గులాబీ నీళ్లు కారుతుంటే మురికి ఎంత బాగా పోతోందో అనుకున్నాను. తీరా చూస్తే, నా మణికట్టంత లావు కడ్డీ అరిగిపోయిన సబ్బుబిళ్లలా చేతిలో మిగిలింది. పక్కదానికి అంచులే లేవు. ఒక పెట్టె మొత్తం అలా కరిగించాక గానీ నాకు సంగతి తలకెక్కలేదు. మీరు నవ్వకండి. ఇన్నేళ్లూ రాగి రాళ్లే తీసినవారు, మీరున్నా నీళ్లు పట్టేవారే.

అప్పుడొచ్చారు ఇద్దరూ.

"కరిగే రాయని మాకెవరైనా చెప్పారా?" అని మేస్త్రీ.

"ఉప్పు నీళ్లలో కరుగుతుందని కూడా చెప్పాలా?" అని కళ్లజోడాయన.

"ఉప్పన్నారా మీరు? పొటాష్ అన్నారు!"

"మాకొక్క మాట చెప్పి పెట్టెలు దించాల్సింది."

"మీకు చెప్పడానికి మీరెప్పుడైనా మా బల్ల దగ్గరికొచ్చారా?"

పసుపు టోపీలు ఒకవైపు, నీలం టోపీలు ఒకవైపు మూగారు. మాట మాట పెరిగి, ఈ పొత్తే వద్దనేదాకా వచ్చింది. నేను మధ్యలో తడి చేతులతో నిలబడి, "కడిగింది నేను" అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాను. నా మాట వినాలంటే ఎదుటివాళ్లు నోరు మూసుకోవాలి కదా, ఒక్కొక్కరే మూసుకున్నారు. "మేస్త్రీని అనకండి, ఆయన్నీ అనకండి. మీ ఇద్దరూ మాట్లాడుకోరు. నేను ఇద్దర్నీ అడగలేదు. ఇకమీదట అడుగుతాను" అన్నాను.

రుచి మేడం ఆ సన్నటి ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పెట్టె మూత వెయ్యడం మర్చిపోయాను. వాన పడింది. పొద్దున్నే వెళ్లి చూస్తే పెట్టె ఉంది, రాయి లేదు. అక్క నాకన్నా నయం, ముక్కలైనా మిగిల్చింది" అంది. కళ్లజోడాయన మూతి కూడా నవ్వడానికి విడివడింది. ఇప్పుడా రాళ్లను పొడిగుడ్డతో తుడుస్తున్నాం. మరీ మట్టి పడితే, ఇంక ఉప్పు కరగనంత చిక్కటి ఉప్పునీళ్లతో తుడుస్తాం. వాటికి మంచినీళ్లు పడవు.

ఇక్కణ్ణుంచి నెమ్మదిగా చదవండి.

ఈ గొడవ పైవాళ్ల దాకా వెళ్లింది. రెండు కంపెనీల పెద్దలూ వచ్చి, షెడ్డుకు ఒక్కరే ఇన్‌ఛార్జి ఉండాలన్నారు. కళ్లజోడాయన పేరు చెబితే పసుపు వాళ్లు ఒప్పుకోలేదు, మేస్త్రీ పేరు చెబితే నీలం వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి మేస్త్రీయే, "ఆవిణ్ణి పెట్టండి. ఆవిడ మీద అరిస్తే మనకే సిగ్గేస్తుంది" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. బోర్ల పని మూడేళ్లు సాగుతుంది, అంతకాలం ఉండాలి, ఆలోచించుకుని చెప్పమన్నారు.

మా ఆయనకు రాసి కనుక్కుంటానందామని నోరు తెరిచాను. "సరే" అని వచ్చింది.

ఇది జరిగి చాలా రోజులే అయింది. కిందటి ఉత్తరం నిండా వానల గురించే రాశాను చూడండి, అప్పటికే ఒప్పుకున్నాను. చెప్పడానికి ధైర్యం చాలక వానల్ని అడ్డం పెట్టుకున్నాను. ఆ తర్వాత రోజూ ప్రార్థనలో దారి చూపించమని అడిగాను. ఒకనాడు నాకే తెలిసొచ్చింది, నేను దారి అడగడం లేదు, మీ మనసు మార్చమని అడుగుతున్నాను. దేవుణ్ణి రాయబారానికి పంపడం న్యాయం కాదని, నేనే రాస్తున్నాను. ఇంటి అవసరం కోసమని ఏదో సాకు చెప్పొచ్చు, కానీ అది కాదండీ. పొద్దున్నే షెడ్డు తలుపు తీసి పెట్టె మూత ఎత్తితే, ఏ కాలం నాటిదో ఆ సముద్రాన్ని మొదట చూసే కళ్లు నావి. నాకా పని ఇష్టం. ఇష్టమని ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

అత్తయ్యకు చెప్పేశాను. "వాడికి కోపం వస్తుందా?" అని అడిగాను. "కోపమా! అలుగుతాడు. అలిగితే ఇంకో ముద్ద ఎక్కువ తింటాడు. కన్నదాన్ని, నాకు తెలీదూ" అన్నారు. మేడ మెట్లెక్కే పని తప్పినందుకు ఆవిడకు లోపల సంతోషమే. పైకి మాత్రం, "మొగుణ్ణి అడక్కుండా సరేనందట, కలికాలం" అని పాలబ్బాయికి కూడా చెబుతున్నారు.

మరిదిగారికి మీరు మాటిచ్చి ఉంటారు, నాకు తెలుసు. మూడేళ్ల తర్వాత తప్పకుండా వెళదాం. ఇక్కడ అసలు పొటాష్ ఉందో లేదో, ఉన్నా తవ్వేంత ఉందో లేదో ఇంకా ఎవరికీ తెలీదు. ఏమీ లేదని తేలితే ముందే వెళదాం. అప్పటిదాకా మాత్రం మీరే ఇక్కడికి రండి. మీ వస్తువులు పెట్టుకోవడానికి బీరువాలో సగం ఖాళీ చేశాను. మీ అమ్మ దగ్గర మీరు వరసగా నెల రోజులు ఉండి ఎన్నేళ్లయిందో ఆలోచించండి.

పెళ్లయిన దగ్గర్నుంచి, అత్తయ్య కోసం ఇక్కడ ఆగిపోయేదాకా, మీకు ఎక్కడ బోరు పడితే అక్కడికి సామాను సర్దుకుని వచ్చాను. ఆ ఊరు ఎలా ఉంటుందని ఒక్కసారీ అడగలేదు. ఈసారి మీరు అడక్కుండా రండి. పొద్దున్నే నేను పనికి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, "సాయంత్రం తొందరగా వచ్చెయ్" అనండి. గట్టిగానే అనండి, వీధంతా వినబడనివ్వండి.

ఇట్లు,
మీ జవాబు కోసం కాచుకుని ఉన్న
మీ ఇంటావిడ