పేజీ పైన ఎర్ర పెట్టె

ఫిబ్రవరి 17, మంగళవారం

బోర్డులు రాసే మా బావమరిదికి,

మీ బావ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ పిల్లలూ బాగున్నారనుకుంటాను. నేను చేస్తే నీ ఫోను మోగదని తెలుసు, అందుకే ఈ ఉత్తరం. అక్షరాలు మీ అక్కవి. షెడ్డులో పని ఎక్కువై నాకు తీరిక లేదు. నేను చెబుతుంటే తను రాస్తోంది.

విషయం మన బ్లాగు గురించి. 'మన' అని నేను అంటే నీకు నవ్వొస్తుందేమో. మోటార్ల రిపేరు గురించి రాసేది నేను, పేజీ ఎలా కనబడాలో చూసేది నువ్వు. ఎడమ పక్కన పాత వ్యాసాల జాబితా పెట్టావు. కుడి పక్కన నువ్వు గీసిన వైరింగు బొమ్మలు. అన్నిటికీ పైన ఆ ఎర్ర పెట్టె, అందులో తెల్లటి పెద్ద అక్షరాలు: ముందు ఫ్యూజులు మూడూ తీసి జేబులో వేసుకో. ఏ వ్యాసం తెరిచినా మొదట కనిపించేది అదే.

దుకాణం బోర్డు రాసినట్టే రాశావు దాన్ని. ఫోను గోడకి ఆనించి, పది అడుగులు వెనక్కి నడిచి, కళ్లు చికిలించి చూసేవాడివి. ఎరుపు కుదరలేదని మూడు రోజులు మార్చావు. బ్లాగు చదవడానికి ఎవడైనా పది అడుగులు వెనక్కి పోతాడా అని ఎగతాళి చేశాను. పని చేసేవాడి చేతులకి గ్రీజుంటుంది బావా, ఫోను గూట్లో పెట్టుకుని దూరం నుంచే చూస్తాడు అన్నావు.

తర్వాత ఒకరోజు షెడ్డులో నలుగురి ముందు, ఆ పెట్టె లేకపోతే మా బావే మర్చిపోతాడు అని నవ్వులాటకి అన్నావు. నాకు ఎక్కడో కాలింది. ముప్పై ఏళ్ల పనివాడికి ఫ్యూజు తియ్యమని రంగులు పూసేవాడు చెప్పాలా అన్నాను. అనకూడని మాట. నువ్వు బ్రష్షుల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయావు. ఎనిమిది నెలలైంది.

ఆ సాయంత్రమే లేఅవుట్ తెరిచి, నీ చెయ్యి పడ్డదల్లా తీసేశాను. పెట్టె పోయింది, బొమ్మలు పోయాయి. పేజీ మరీ బోసిగా ఉందని నా ఫోటో పెట్టాను. దాన్ని చిన్నది చెయ్యడం రాలేదు. ఫోనులో తెరిస్తే తెర నిండా నా మీసమే. వ్యాసం చదవాలంటే నా గడ్డం దాటుకుని కిందికి పోవాలి. ఒక రైతు ఫోను చేసి, ఓట్లడగడానికి వచ్చినట్టున్నారేంటండీ అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

పోయిన నెల ఒకాయన తోటలో మోటారు స్టార్టరు విప్పాడు. అప్పుడు కరెంటు లేదు. ఎలాగూ లేదు కదా అని ఫ్యూజులు తియ్యలేదు. ఫోను గూట్లో పెట్టుకుని మన పేజీ తెరిచాడు. నీ పెట్టె ఉండాల్సిన చోట నా మొహం ఉంది. పని మధ్యలో కరెంటు వచ్చింది. మనిషి దక్కాడు. అంతకంటే చెప్పలేను.

రోజుకి అరవై, డెబ్భై మంది ఆ పేజీ తెరుస్తున్నారని చూపిస్తుంది. ఇదివరకు ఆ అంకె చూసి మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు చూడబుద్ధి కాదు. వాళ్లలో ఎవరు ఏం విప్పుతున్నారో అనిపిస్తుంది. పేజీని పాత పద్ధతికి తేవడం నా వల్ల కాలేదు. నువ్వొచ్చి సరిచేసి వెళ్లు. నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు. నువ్వు షెడ్డులో కూర్చో, నేను ఇంట్లోనే ఉంటాను. నాకు ఓపిక అయిపోయిందిరా. ఈ కోపం ఇంక మొయ్యలేను.

ఇట్లు,
మీ బావ

తా.క. తమ్ముడూ, ఇది ఆయన చెప్పింది కాదు, నేనే రాస్తున్నాను. ఆయన పక్క గదిలో పడుకున్నారు. షెడ్డు మూసి ఇరవై రోజులైంది. ఆ స్టార్టరు విప్పింది ఈయనే. ఆ రకం చూసి చాలా రోజులైందని, తను రాసిందే ఒకసారి చూసుకుందామని పేజీ తెరిచారట. ఆసుపత్రిలో కుడిచేతి వేళ్లు రెండు తీసేశారు. నీకు చెప్పొద్దన్నారు, జాలిపడి వస్తావని.

పేజీ గురించి కంగారుపడకు. ఫోటో తీసేసి, ఎర్ర పెట్టె మొన్న నేనే మళ్లీ పెట్టాను, అప్పట్లో నువ్వు నాకు చూపించినట్టే. మాటలు కూడా నీవే. ఆయన ఎడమచేత్తో ఫోను గోడకి ఆనించి, పది అడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డారు. చాలాసేపు చూసి, ఎరుపు అది కాదు, వాడే రావాలి అన్నారు.