ఎనభై దాటనని ఒట్టు

అక్టోబర్ 15, దసరా

బండికి పూజ చేశాను. గుమ్మడికాయ కొట్టాను. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాను. శైలజ హారతి ఇచ్చి, పళ్లెం పట్టుకుని బండికి అడ్డంగా నిలబడింది.

"మస్కట్ల గిన్నేండ్లు బండి నడిపితి, ఒక్క చలాన్ పడలేదంటవు. కోరుట్లకొచ్చినంక బర్రెను గుద్దవోతివి, ఆటోను గుద్దవోతివి. గిట్లయితే బండి అమ్ముదాం. మళ్ల మస్కట్‌కే పో. ఆడనన్న పాణంతోని ఉంటవు."

పండుగ పూట ఎంత మాట! లాక్‌డౌన్‌లో కంపెనీ పొమ్మంటే వచ్చినవాణ్ని. దాచుకున్నదంతా కిరాయికి తిప్పే ఈ ఏడు సీట్ల పాత బండిలో పోశాను. నేను ఫోన్లో కనబడే మనిషిని కాదు, ఇంట్లో ఉండే మనిషినని మా కూతురు అక్షితకు ఇప్పుడిప్పుడే నమ్మకం కుదురుతోంది. మళ్లీ పోవడమా? చస్తే పోను.

కాబట్టి ఈ రోజు నుంచి:
ఎనభై దాటను.
బెల్టు పెట్టుకుంటాను.
నడుపుతూ ఫోన్ ముట్టను.
నాతో కలిపి ఏడుగురే. చంటిపిల్లలు లెక్కలో లేరు.

డీజిల్ నూరు దాటింది. నేను ఎనభై దాటను. మా ఇద్దరిలో ఒకరికైనా బుద్ధి ఉండాలి కదా!

అక్టోబర్ 16

జగిత్యాల ట్రిప్పు. బెల్టు పెట్టుకోగానే పక్క సీటాయన కంగారు పడ్డాడు. "ముందల పోలీసోళ్లున్నరా అన్నా?"

లేరన్నాను. మరి ఎందుకన్నాడు. ప్రాణం కోసమన్నాను. నాకేదో జబ్బు ఉందనుకున్నాడు పాపం, దిగేదాకా జాగ్రత్తలు చెప్పాడు.

ఎందుకైనా మంచిదని ముప్పైలో పోతుంటే, మధ్యలో గడ్డి ట్రాక్టర్ ఒకటి నన్ను దాటేసింది. దాని డ్రైవర్ వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. చూడనీ! డీజిల్ ముల్లు కదలనే లేదు. ఇంత సులువైన పని ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదో!

అక్టోబర్ 18

నా అభిప్రాయాలు. ఎదురుగా బండి వస్తుంటే లైటు డిమ్ చేయనివాడికి లైసెన్సు ఉండకూడదు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించి, మెడ వంకర పెట్టి బైకు నడిపేవాడికి బైకే ఉండకూడదు. ఇక రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ బండరాళ్లు పేర్చేవాళ్లను నేరుగా జైల్లో వేయాలి. సగం రోడ్డు వాళ్లదే!

ప్రభుత్వం అడిగితే ఇంకా చెబుతాను. అడగడం లేదు.

అక్టోబర్ 20

మా వడ్లు కోతకొచ్చాయి. రోడ్డు మీద ఆరబోశాం.

ఏం చేయమంటారు? మాకు కల్లం లేదు. మిల్లువాడు తేమ ఉందని వెనక్కి పంపుతున్నాడు. రాళ్లు మాత్రం నేనే పేర్చాను, చాలా పద్ధతిగా. ఒక కారువాడు హారన్ కొట్టి తిట్టిపోయాడు. ఎంత కుసంస్కారం!

అక్టోబర్ 22

చిన్న చిన్న సవరణలు.

స్పీకర్ పెట్టి మాట్లాడితే ఫోన్ ముట్టినట్టు కాదు. బెల్టుతో చొక్కా నలుగుతోంది, కాబట్టి వీపు వెనక నుంచి పెట్టాను. కుయ్‌కుయ్‌మని మోగడం ఆగింది, అంటే బండి కూడా ఒప్పుకున్నట్టే. ఎనభై తొమ్మిది కూడా ఎనభైల్లోనే ఉంది. మిగతా నియమాలన్నీ భద్రం.

అక్టోబర్ 25

ఈ రోజుది రాయాలని లేదు. అయినా రాస్తాను.

పొద్దున్నే బీర్పూర్ వెళ్లాను. కల్లుగీసే కిష్టయ్య కొడుకు రంజిత్ దుబాయ్ పోతున్నాడు. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసేవాడు. ఇప్పుడు అక్కడ పని లేదు. ఈ విమానం తప్పితే వీసా గడువు కూడా తప్పుతుందట.

మా దగ్గర గల్ఫ్‌కు పోయేవాణ్ని అందరూ కలిసి ఎయిర్‌పోర్టు దాకా సాగనంపాలి. గేటు దగ్గర గుంపుగా ఏడవకపోతే పంపినట్టే కాదు. ఆరుగురన్నవాళ్లు ఎనిమిది మంది ఎక్కి కూర్చున్నారు. కిష్టయ్య, ఆయన భార్య లింగవ్వ, రంజిత్, మేనమామలు ఇద్దరు, దోస్తులు ఇద్దరు. వెనక మూలకు రంజిత్ భార్య స్వరూప, ఒళ్లో చంటిపిల్ల.

"ఇద్దరు దిగుర్రి. లేకుంటే బండి కదలది," అన్నాను ట్రాఫిక్ ఎస్సై లాగా.

"సదురుకోని కూసుంటం తియ్ కొడుకా," అంది లింగవ్వ. మామలు ఆకాశం చూశారు. దోస్తులు ఫోన్లు చూశారు. చివరికి ఒక మనిషి దిగింది. స్వరూప.

"నేను ఈడనే ఉంట అన్నా. అందరు పెద్దోళ్లు."

ఒక్కరూ వద్దనలేదు. రంజిత్ బ్యాగు జిప్పుతో కుస్తీ పడుతున్నాడు. నేను మొదటిసారి మస్కట్ పోయినప్పుడు మా బండిలో మా మామ దోస్తుకు కూడా సీటు దొరికింది. శైలజ మాత్రం గడప దగ్గరే ఆగిపోయింది. నేనూ ఆ రోజు బ్యాగు సర్దుకుంటూనే కూర్చున్నాను.

"ఎక్కు చెల్లె," అన్నాను.

దోస్తులను దించే ధైర్యం మాత్రం నాకు లేదు. నాతో తొమ్మిది మంది. నాలుగో నియమం బీర్పూర్‌లోనే దిగిపోయింది.

ఈ పంచాయితీతో ఆలస్యం. కొండగట్టు అంజన్నకు కొబ్బరికాయ కొట్టాలన్నారు, ఇంకా ఆలస్యం. ఇక తొక్కాను. తొంభై, నూరు, నూటపది. రంజిత్‌ను పంపే ఏజెంటు ఫోన్ మీద ఫోన్. ఎత్తాను. చేత్తోనే ఎత్తాను.

గంగాధర దాటాక మలుపు తిరిగితే సగం రోడ్డు పచ్చగా వడ్లు. ఎదురుగా లారీ. వడ్ల మీదికి తిప్పాను. సబ్బు నీళ్ల మీద కాలేసినట్టు బండి జారింది, అడ్డం తిరిగింది, ఆగింది. లారీ హారన్ కొట్టుకుంటూ పక్క నుంచి పోయింది.

ముందుగా చంటిపిల్ల ఏడ్చింది. పిల్లకు ఏమీ కాలేదు. పిల్లను గుండెకు అదుముకున్న స్వరూపకు ముందు సీటు తగిలి పెదవి చిట్లింది.

రైతు పరుగెత్తుకొచ్చాడు. "నా వడ్లన్ని ఆగం జేస్తివి గదనే! కండ్లు నెత్తికెక్కినయా?"

నోటిదాకా వచ్చిన బూతు మింగేశాను. నేను మా వడ్లకు పేర్చినవి కూడా అలాంటి రాళ్లే.

"నిమ్మకాయలు తొక్కిచ్చినవా కొడుకా?" అని అడిగింది లింగవ్వ. తొక్కించానన్నాను. నిమ్మకాయలదేం తప్పు లేదు.

విమానం అందింది. గేటు దగ్గర అందరూ ఏడ్చారు. స్వరూప ఏడవలేదు, కొంగు పెదవికి అదిమి నిలబడింది. రంజిత్ లోపలికి పోబోయి వెనక్కి వచ్చాడు. అందరి ముందూ ఆమె మొహంలోకి చూసి అడిగాడు.

"నొస్తున్నదా?"

"లేదు. నువ్వు పో."

తిరిగి వచ్చేటప్పుడు అలవాటు కొద్దీ మళ్లీ తొక్కాను. వెనక నుంచి స్వరూప గొంతు వినిపించింది.

"మెల్లగ పోదాం అన్నా. ఇప్పుడు మనకేం తొందర?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అద్దం తుడుస్తున్నట్టు మొహం తిప్పుకున్నాను. బెల్టు సరిగ్గా పెట్టుకున్నాను. ఫోన్ మోగినా ఎత్తలేదు. బీర్పూర్ దాకా ఎనభై దాటలేదు. ఎనిమిది మందిమి ఉన్నాం, అంతే.

అక్టోబర్ 26

పొద్దున శైలజ బండి కింద ఊడుస్తోంది. బంపర్ సందుల్లోంచి వడ్లు రాలాయి.

"మన వడ్లేనే," అన్నాను.

"మనయి సన్నయి. గివి దొడ్డయి. ఎవలయి?"

వడ్ల విషయంలో ఈమెకు అబద్ధం చెప్పడం అసాధ్యం. మొత్తం చెప్పేశాను. నూటపది, ఫోన్, లారీ, పెదవి. చీపురు పక్కన పెట్టి చెయ్యి చాపింది.

"తాళాలు ఇటియ్యి," అంది.

మస్కట్ పొమ్మనలేదు. అంటుందేమోనని రోజంతా ఆమె నోటివైపే చూస్తున్నాను.

అక్టోబర్ 30

తాళాలు శైలజ కొంగునే ఉన్నాయి. బండికి దుమ్ము. మా వడ్లు రోడ్డు మీంచి ఎత్తి, బతిమాలి పక్కింటివాళ్ల డాబా మీద పోశాను. మెట్లెక్కి మోశాను. నడుం పోయింది. రోడ్డు భద్రత చాలా బరువైన పని.

నవంబర్ 4, దీపావళి

డీజిల్ తగ్గింది! వినగానే కుడికాలు దానంతటదే నేలను తొక్కింది. కాలిని తిట్టాను.

సాయంత్రం వెల్గటూర్ నుంచి ఫోన్. కూర్చుని, రెండు చేతులతో పట్టుకుని మాట్లాడాను.

"ఎయిర్‌పోర్ట్‌కు బండి గావాలె అన్నా. మా తమ్ముడు కువైట్ పోతుండు."

"ఎంతమంది?"

"ఏడుగురం."

"నేను గాక ఆరుగురే. పోయేటాయన భార్య అండ్ల ఉన్నదా?"

"గామె ఎందుకన్నా? మా బావలు వస్తుండ్రు, మళ్ల సీట్లు..."

"ముందుగాల ఆమెను ఎక్కించుర్రి. ఇంక ఐదుగురు ఎవలన్నది తర్వాత మీరే చూసుకోర్రి. ఆమె ఎక్కకుంటే నా బండి రాదు."

అడిగి చెబుతానని పెట్టేశాడు. బుకింగ్ ఉందో, ఊడిందో.

తలెత్తితే శైలజ గడపలో దీపం పెడుతూ ఆగిపోయి ఉంది. వచ్చి, కొంగు ముడి విప్పి, తాళాలు నా చేతిలో పెట్టి, మళ్లీ దీపాల దగ్గరికి వెళ్లింది.

రేపటి నుంచి ఎనభై. అంటే ఎనభయ్యే.