తమ్ముడి తడిగుడ్డ

రాజమహేంద్రవరం, విరోధి నామ సంవత్సరం (1889), శ్రావణం

"పిల్లాడికి వాతలు పెట్టనివ్వనక్కా, ఒట్టు" అని అమ్మకు మాటిచ్చిన మేనమామ వెంకటరత్నం, అమ్మ కోరుకొండ వెళ్ళిన పూటే నా తమ్ముడు సుబ్బన్నను భూతవైద్యుడికి అప్పగించాడు. సుబ్బన్న ముప్పై ఏళ్ళ పైచిలుకు కిందట బర్మా యుద్ధంలో తూటా తగిలి వచ్చాడు. గాయం మానినా చెయ్యి మండుతోందని ఎప్పుడూ తడిగుడ్డ చుట్టుకునేవాడు. దయ్యమన్నారు. ఆ మండే చేతి మీదే కాల్చిన పసుపుకొమ్ము పెట్టారు. దయ్యమున్న చెయ్యి అని ఇన్నేళ్ళూ వాడు ఏ బిడ్డనూ దాంతో తాకలేదు.

యుద్ధగాయాల మీద పాత ఇంగ్లీషు వైద్యగ్రంథాలు నేను అందుకే కొంటున్నాను. వైద్యుణ్ణి కాని నాకెందుకని నవ్వే పెద్దమనుషుల్లో ఒక్కడికీ ఒక్క పేజీ చదవడం రాదు.

ఇవాళ వేలంలో దొరికిన పుస్తకాన్ని సుబ్బన్నకు తెలుగు చేసి చెప్పాను. అమెరికా అంతర్యుద్ధంలో నరం దెబ్బతిన్న సిపాయిలూ తడిగుడ్డ విప్పేవారు కాదట.

"వాళ్ళకీ దయ్యమే పట్టిందా అన్నయ్యా?"

"దయ్యం కాదురా, నరం."

"వాతలు పెట్టారా?"

"లేదురా."

"అదృష్టవంతులు" అన్నాడు. ఆరిపోయిన గుడ్డను నేనే తడిపి చుట్టాను. సాయంత్రం నా మనవరాలి తల మీద, నొప్పికి పళ్ళు బిగించి, ఆ చెయ్యి కాసేపు ఉంచాడు.

తూటా పేల్చినవాడి మీద నాకు కోపం లేదు. నేను క్షమించలేనిది, చచ్చి ఎన్నేళ్ళయినా, వెంకటరత్నం మామనే.