చింతపండుతో తోమిన నాణెం

శుక్రవారం, హిందూపురం

బామ్మర్దిని ఇంక ఈ గడప తొక్కనివ్వను. మంచివి మాత్రమే ఉంచుకుని మిగతావి అమ్మేద్దామని, ఈ రోజు గ్రేడింగ్ కంపెనీ నాణ్యతకి గ్రేడు ఇచ్చి డబ్బాల్లో సీలు వేసిన నా పాత నాణేలన్నిటికీ ఫోటోలు తీస్తున్నాను. అన్నిటికంటే పాతదైన రాగి నాణెం ఫోటోలో నల్లగా పడుతోందని వాడి ముందే విసుక్కుని, స్నానానికి లేచాను. వచ్చేసరికి వాడు సీలు వేసిన డబ్బా పగలగొట్టి, నాణేన్ని చింతపండుతో తోమేశాడు. సోమందేపల్లిలో ఇత్తడి సామాన్ల కొట్టు వాడిది.

"చూడు బావా, ఎట్ల మెరుస్తాండాదో. నల్లగుండాదని నువ్వే అంటివి గదా."

ఆ నలుపుకే విలువని, తోమితే గ్రేడు పోతుందని చెప్పాను.

"చిలుము పట్టినదానికి విలువేంది బావా?"

లేచి పొమ్మన్నాను. పోయాడు.

చివరికి దానికీ ఫోటో తీశాను. అన్నిటికంటే అదే బాగా వచ్చింది. దానికే ఇంకా ఒళ్లు మండుతోంది.