ఉడుకునీళ్ల కేకు

సీబ్,
ఒమన్,
డిసెంబరు మొదటి శనివారం

నా సత్తవ్వకు,

సమాధానం నీ ఇంట నిలుచుగాక అని రాస్తున్నాను గానీ, ఈ రెండు నెలలుగా అది నా దగ్గర లేదు. లేనిదాన్ని నీకెట్లా పంపగలను? ముందు ఆ సంగతి రాసి తీరాలి.

ఫోన్లో చెప్పవచ్చు. చెప్తే నువ్వు సగంలో "అట్లెందుకన్నవ్?" అంటావు, నేను కోపంతో ఇంకేదో అంటాను. కాగితం అడ్డుతగలదు. పేజీలన్నీ ఫోటో తీసి పంపుతున్నాను. బీడీలు గంపలో పెట్టినాక నెమ్మదిగా చదువు.

గొంతు బాగాలేక శుక్రవారం ఆరాధనలో ప్రసంగం చేయడం లేదని నీతో చెప్పాను. కట్టుకున్నదానికి చెప్పిన అబద్ధం. నా గొంతుకు ఏమీ కాలేదు. ఎనిమిది వారాలుగా నేను వెనక కుర్చీలో కూర్చుంటున్నాను, ఎందుకంటే మైకు పట్టుకొని మాట్లాడే యోగ్యత పోగొట్టుకున్నాను.

మన సంఘంలో నవీన అని ఒక అమ్మాయి ఉంది. ఇక్కడికి దగ్గర్లోని అల్ హైల్‌లో దర్జీ షాపులో కుడుతుంది. భర్త అంజి ఏసీలు బాగుచేస్తాడు. మన మెట్‌పల్లి వైపు వాళ్లే. ప్రభువు బల్ల జరిగిన ప్రతిసారీ రొట్టె పళ్లెం ఆమె దగ్గరికి వచ్చేసరికి, ముక్క తీసుకోకుండా పక్కవాళ్లకు అందించేది. ఒకసారి కాదు, ఆరు నెలలు. మనవాళ్ల సంగతి నీకు తెలుసు. బల్ల ముట్టలేదంటే లోపల ఒప్పుకోని పాపం ఏదో ఉన్నట్టే. గుసగుసలు మొదలైనాయి. నేను ఆ గుసగుసను తీసుకొని మైకులో పెట్టాను.

అక్టోబరు మొదటి శుక్రవారం బైబిలులో కొరింథీయుల పత్రిక తెరిచి గంటసేపు గర్జించాను. "ఈ హాలుల ఒకరున్నరు! పళ్లెం దాటేస్తున్నరు! మనిషి కండ్లు దాటొచ్చు, దేవుని కండ్లు దాటుతవా?" అన్నాను. పేరు చెప్పలేదు. నా వేలు చెప్పింది. ఎనభై మంది తలలు తిరిగినాయి. నవీన లేచి, చెప్పులు చేత్తో పట్టుకొని బయటికి వెళ్లిపోయింది. ఆ వెనక అంజి. వాళ్లు మళ్లీ రాలేదు. ఆ రోజు నాకు బాగానే అనిపించింది సత్తవ్వా, వాక్యం తగలాల్సిన చోట తగిలిందనుకున్నాను. అందరూ చేయి కలిపి "బ్రదర్, ఇయ్యాల అగ్గి కురిసింది" అన్నారు.

పది రోజుల తర్వాత నిజం చెప్పింది చాంద్ బీ. నేను కారు నడిపే ఈ విల్లాలోనే వంట చేస్తుందని చెప్పాను కదా, కడప ఆమె. మేడమ్ బట్టలు కుట్టించడానికి ఆమెను ఆ షాపుకు నేనే తీసుకెళ్లాను, లోపలికి వెళ్లే ముఖం లేక కారులోనే కూర్చున్నాను. తిరిగొచ్చి డోరు ధడాలున వేసింది.

"ఏమన్నా, ఆ పిల్లను పాపాత్మురాలంటివంట?"

"నేను పేరు పెట్టలే."

"పేరు పెట్టకుంటే పుణ్యమా? ఆ పిల్లకు గోధుమ పడదంట. రవ్వంత లోపలికి పోయినా పేగులు పుండవుతాయంట, వారం దినాలు లేచేది ల్యా. డాక్టరు చెప్పినాడు. పాలూ వద్దన్నాడు. గుడ్డు తింటే చిన్నప్పటి నుంచీ ఒళ్లంతా దద్దుర్లంట. నీ దేవుని రొట్టె గోధుమదే కదప్పా?"

"మరి చెప్పొచ్చు కద?"

"యాడ చెప్తాది? పొట్ట సంగతి చెప్తే, దేవుని రొట్టె తింటే రోగమొస్తాదంటావా అని నువ్వే అరుస్తావని భయపడింది!"

నిజమే. అరిచేవాణ్ణే.

ఇంటికొచ్చి ఆ అధ్యాయం మళ్లీ తెరిచాను. మొదట్లో కూలీల సైటు క్యాంపులో ఉన్నప్పుడు బైబిలు చదవడానికే అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి కదా, వేలు పెట్టి పదం పదం చదివాను. అయోగ్యంగా తినేవాడి గురించి ఉంది. తినని మనిషి గురించి ఒక్క అక్షరం లేదు! పైగా కింద ఏముందో తెలుసా? బల్ల దగ్గర ఒకరికోసం ఒకరు కనిపెట్టుకొని ఉండమని ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ మాట దాటేసి చదివింది నేను. పళ్లెం దాటేసింది ఆమె కాదు.

అందుకే ప్రసంగం మానేశాను. ఇక జన్మలో చేయనని నిర్ణయించుకున్నాను. అయితే ఒక్క పని మాత్రం చేసి తీరాలి. పోయిన క్రిస్మస్‌కు సంఘంలో అందరికీ కేకు పంచాను. నవీన తన ముక్కను కాగితంలో చుట్టి పక్కింటి పిల్లలకు తీసుకెళ్లింది. గర్వం అనుకున్నాను అప్పుడు. ఈసారి ఆమె తినగలిగే కేకు నా చేత్తో చేసి ఇస్తాను. గోధుమ, పాలు, వెన్న, గుడ్డు, ఏదీ లేకుండా. మేడమ్ పెరటి వంటింట్లో ఓవెన్ వాడుకోమంది. గురువారం మధ్యాహ్నాలు నాకూ చాంద్ బీకీ ఖాళీ.

రెండు కేకులు అయినాయి. మొదటిది అందంగా పొంగింది. బియ్యప్పిండి, కొబ్బరిపాలు, బెల్లం, నారింజరసంలో నానబెట్టిన ఖలాస్ రకం ఖర్జూరాలు, ఎండుద్రాక్ష, కాస్త శొంఠి, దాల్చిన చెక్క. డబ్బాలో పెట్టి తాళాలు తీసుకుంటుంటే చాంద్ బీ నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. "యా అల్లా! అన్నా, ఆగు! పండ్లు అడుక్కు దిగకుండా మైదాలో దొర్లించేసినా! అలవాటు!" పిడికెడు కూడా కాదు. పులిసిన పిండి కొంచెమైనా ముద్దంతా పులుస్తుందని ఎన్నిసార్లు అరిచానో నేను, అది వంటింటి మాట అని ఆ రోజే తెలిసింది. ఆ కేకు తోటమాలికీ కాపలాదారుకీ పండగైంది.

రెండోది మైదా తగలనీయలేదు. కత్తి పెట్టగానే ఇసుక మేడలా కూలింది. చాంద్ బీ చెంచా తెచ్చి ఉప్మాలా తిన్నది. నీకేమైనా తెలిస్తే చెప్పు. నవ్వడం తర్వాత.

మోసం చేసినందుకు క్షమించమని అడుగుతూ,
నీ భూమయ్య


సీబ్,
రెండో శనివారం

నా ఇంటి జ్ఞానవంతురాలికి,

నీ వాయిస్ మెసేజ్ వంటింట్లో పెద్దగా పెట్టి విన్నాం. "మైదా లేకుంటే మొగోనికి చేతులాడవా? జొన్నపిండికి జిగురెక్కడిది? ఉడుకుడుకు నీళ్లు పోస్తె అస్తది. సెలవులకు అచ్చినప్పుడల్ల నా రొట్టెలు తిన్నవ్, ఒక్కనాడన్న పొయ్యికాడికి తొంగి చూసినవా?" అన్నావు. చాంద్ బీ అది మూడుసార్లు పెట్టించుకొని విన్నది. "ఈయమ్మను పిలిపీ అన్నా, ప్రసంగం ఈయమ్మ చేస్తాది" అంటోంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. జొన్నపిండి, బియ్యప్పిండి సగం సగం. అందులో మూడో వంతు పక్కకు తీసి, మరుగుతున్న నీళ్లు పోసి గరిటెతో కలిపాను. ముద్ద సాగింది సత్తవ్వా! రొట్టె కొట్టేటప్పుడు నీ అరచేతిలో తిరిగేది ఆ ముద్దే. చల్లారినాక కొబ్బరిపాలతో జారుగా చేసి మిగతా పిండిలో కలిపాను. గుడ్డుకు బదులు అవిసె గింజల పొడి నానబెట్టమని చాంద్ బీ చెప్పింది. అది గుడ్డు తెల్లసొనలాగే జిగటగా అయింది. డబ్బా కొత్తది కొన్నాను, పాతదాని మూలల్లో మైదా దాగి ఉంటుందని. పండ్లను బియ్యప్పిండిలోనే దొర్లించాం, చాంద్ బీ చేతులు నేను కడిగించినాక. గంటా పావు కాలింది. కత్తి పెడితే నిలబడింది! నల్లగా, బరువుగా, ఖర్జూరం వాసనతో. నేను హల్లెలూయ అంటే ఆమె అల్హందులిల్లా అన్నది.

నిన్న పొద్దున అల్ హైల్‌లో నవీన వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసింది అంజి.

"ఏం బ్రదర్, ఈడగూడ మైకు తెచ్చిన్రా?"

"లేదు తమ్మీ. కేకు తెచ్చిన."

"మా ఇంట్ల కేకు తినరు. తెల్వదా మీకు?"

"తెల్వకనే గద తప్పు చేసిన. ఇప్పుడు తెలుసుకొని చేసిన."

లోపలి నుంచి నవీన వచ్చింది. చిక్కిపోయింది. నాలుగు రోజుల ముందు నుంచీ తయారుచేసుకున్న మాటలు, దావీదు కీర్తనతో సహా, అన్నీ వదిలేశాను. చేతిలోని సంచీ ఆమె ముందు పెట్టాను. అందులో ఖాళీ ప్యాకెట్లు. జొన్నపిండిది, బియ్యప్పిండిది, కొబ్బరిపాల డబ్బా, ఎండుద్రాక్షది, దాల్చిన చెక్కది కూడా. ఆమె నేల మీద కూర్చొని ఒక్కొక్కటే తిప్పి సన్న అక్షరాలు చదివింది.

"జొన్నపిండి లూజుది గాదు గద? గోధుమలు పట్టే పిండిగిర్నిలనే పడ్తరు."

"సీలు ప్యాకెట్టమ్మా. నేనే కోసిన."

"కత్తి?"

"కొత్తది."

ఆమె ముఖం మొదటిసారి కొంచెం సడలింది. అయినా కేకు ముట్టలేదు. "బ్రదర్, మీరు కష్టపడ్డరు. మంచిది. గని నన్ను అన్నది మైకుల. ఎనభై మంది ముందట. తప్పయిందని మా ఇంట్ల జెప్తె, ఎవలకు వినబడ్తది?"

 నేను ప్రసంగం మానేశానని చెప్పాను, అదే నా శిక్ష అన్నాను.

ఆమెకు కోపం వచ్చింది. "మీరు మానేస్తె అందరు ఏమంటరు? నవీన వల్లనే బ్రదర్ మూగోడయిండంటరు. అది గూడ నా నెత్తినే వెయ్యిన్రి! మానుడు సులువు బ్రదర్. లేసి చెప్పుడు కష్టం."

కేకు వాళ్లింట్లోనే పెట్టి వచ్చాను. తిన్నదో లేదో తెలియదు. ఇరవై ఏళ్లు నేను ఇతరులకు పశ్చాత్తాపం బోధించాను. దాని బరువెంతో ఆమె తూచి నా చేతిలో పెట్టింది. వచ్చే శుక్రవారం మైకు అడుగుతున్నాను. నా కోసం మోకరించు.

భయపడుతున్న నీ
భూమయ్య


సీబ్,
మూడో శనివారం

నా సత్తవ్వకు, మా సంఘమంతటి వందనాలు ఈసారి నీకే,

ఎందుకో చివరికి తెలుస్తుంది.

బుధవారం సంఘ పెద్దలను కలిసి అడిగాను. బల్ల మీద గోధుమరొట్టె వద్దు, జొన్నరొట్టె పెడదామన్నాను. ఒక పెద్దాయన, "ఆ ఒక్కరికి వేరే చిన్న పళ్లెం పెడితే పోతుంది కదా" అన్నాడు. నా పాత గొంతు తిరిగొచ్చింది. "రొట్టె ఒక్కటే గనుక మనమంతా ఒక్క శరీరమని పౌలు రాసిండు. రెండు పళ్లెలని రాయలే! ఆమె మన రొట్టె తినలేదు. మనం ఆమె రొట్టె తినలేమా? యవలరొట్టెలతో ఐదువేల మందికి పెట్టిన ప్రభువు జొన్నరొట్టెను వద్దంటడా?" అన్నాను. ఒప్పుకున్నారు. ఈ యవల, అంటే బార్లీ, మాట ఫోన్లో నవీనకు గొప్పగా చెబితే, "యవలు గూడ నాకు పడయి అన్నా" అన్నది. నా వాక్యాలన్నిటికీ ప్యాకెట్టు వెనక అక్షరాలు ఉన్నాయి, చదవాలి. కానీ గమనించావా, బ్రదర్ పోయి అన్న వచ్చింది.

నిన్న రొట్టె నేనే చేశాను, ఓ కొత్త పెనం మీద. నీ రొట్టెలా గుండ్రంగా రాలేదు. ఒమన్ పటంలా వచ్చింది.

మైకు పట్టుకున్నాను. బైబిలు తెరవలేదు. తెరిస్తే దాని వెనక దాక్కుంటానని తెలుసు. "అక్టోబరుల ఇదే మైకుల ఒక ఆడబిడ్డను పాపాత్మురాలిని చేసిన. ఆమెకు ఉన్నది రోగం. నాకు ఉన్నది గర్వం. తెలుసుకోక ముందే తీర్పు తీర్చిన. నవీనా, నన్ను క్షమించు తల్లీ" అన్నాను. అంతే. నా జీవితంలో అతి చిన్న ప్రసంగం.  అక్టోబరులో నాతో చేయి కలిపినవాళ్లు నేల చూశారు.

తలుపు దగ్గరి వరుసలో నవీన, అంజి కూర్చొని ఉన్నారు. పళ్లెం బయలుదేరింది. ఒకరి నుంచి ఒకరికి వెళ్తూ ఆమె దగ్గర ఆగింది. ఎనభై మంది చూడకుండా చూస్తున్నారు. ఆమె ముక్క తీసుకుంది. పక్కకు అందించకుండా లేచి, పళ్లెం పట్టుకొని ముందుకు నడిచి వచ్చింది. అందరికీ పంచి చివర తినేవాణ్ణి నేను కదా. నా ముందు నిలబడి, "మీరు తిన్నంక నేను తింట. ఒకల కోసం ఒకలం కనిపెట్టుకోవాలె గద అన్నా" అన్నది. నేను ఇరవై ఏళ్లు దాటేసిన మాట అదే. నమిలానో లేదో గుర్తులేదు. రొట్టెలో నీ చేతి వాసన మాత్రం ఉంది.

తర్వాత కేకు గురించి అడిగాను, ధైర్యం చేసి. అంజి చెప్పాడు: "మొదటి రోజు ముట్టలే. రెండో రోజు గోరంత తిని కడుపు పట్టుకొని కూసున్నది, ఏమైతదో అని. ఏం గాలే. మూడో రోజు నాకు ముక్క మిగల్చలే!" జన్మలో మొదటిసారి క్రిస్మస్ కేకు తిన్నదట. ఇప్పుడు సంఘమంతా పండక్కి అదే కేకు కావాలంటోంది. చాంద్ బీ, నేను కలిసి ఎనిమిది చేయాలి. ఉడుకునీళ్ల కిటుకు ఎవరిదని అడిగితే మైకులోనే నీ పేరు చెప్పాను. అందుకే ఆ వందనాలు.

వచ్చే శుక్రవారం నుంచి మళ్లీ ప్రసంగం నాదే. నవీన షరతు పెట్టింది, వేలు చూపించకూడదని. చేతులు వెనక్కి కట్టుకొని మాట్లాడడం సాధన చేస్తుంటే పెరటి తలుపు దగ్గర నుంచి చాంద్ బీ అడుగుతోంది: "పాపం కడుక్కుంటివి కదన్నా, ఇంక నా గిన్నెలు ఎప్పుడు కడుగుతావు?"

వెళ్లి కడగాలి.

నీ రొట్టెల విలువ ఆలస్యంగా తెలుసుకున్న
భూమయ్య