గౌరికి టీకా వేయించాను

అమ్మా రత్నా,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసినా, ఇంకెవరికీ చెప్పుకోలేక రాస్తున్నాను. మొన్న హోసూరు తాలూకా ఆఫీసు నుంచి టీకాలాయన మన బేరిగైకి వచ్చాడు. సైకిలు గంట వినగానే సగం ఊరు పిల్లల్ని చంకనేసుకుని రాగిచేలల్లోకి పారిపోయింది. నేను మాత్రం నీ కూతురి చెయ్యి పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాను. అమ్మవారు పోసి నువ్వు పోయిన ఇల్లు కదా ఇది.

"పూజలు చేసే నువ్వే ఇట్ల చేస్తే మారెమ్మ ఊరుకుంటాదా అక్కా?" అని పక్కింటి మునెమ్మ పరుగెత్తుతూనే అరిచింది.

"జొరం వస్తాది, పోతాది. బయపడొద్దమ్మా," అన్నాడు టీకాలాయన.

"అవ్వా, ముందు నువ్వు ఏయించుకో," అంది గౌరి. వేయించుకున్నాను.

ఈ రోజు గౌరి ఒళ్ళు కాలిపోతోంది. ఇది ఆయన చెప్పిన జ్వరమేనా, నిన్ను తీసుకుపోయిన తల్లి మళ్ళీ వచ్చిందా, నాకు తెలియడం లేదు. గుమ్మానికి కట్టమని మునెమ్మ వేపమండలు తెచ్చి ఇచ్చింది. కడితే నేనే అమ్మవారిని లోపలికి పిలిచినట్టవుతుంది. కట్టకపోతే, వచ్చిన తల్లిని అవమానించినట్టు. మండలు ఒళ్ళో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

గౌరి నీళ్ళడుగుతోంది. దీపం పట్టుకుని వెళ్ళి దాని ఒళ్ళు చూడాలంటే భయంగా ఉందమ్మా.

మీ అమ్మ